బల్లా, యంత్రమా: చైనా, జపాన్, కొరియా లిపుల్లో డొమైన్ పేర్లు

ఒక చిన్న అక్షరంతో మొదలుపెడదాం. ఎడమవైపు చెట్టు గుర్తు, కుడివైపు పొట్టి పీటలాంటి రెండు గీతలు, మొత్తం 6 గీతలు. ప్రతి లిపిలోని ప్రతి అక్షరానికీ ఒక సంఖ్య ఇచ్చే యూనికోడ్‌లో దాని సంఖ్య 26426. బీజింగ్‌లో దీన్ని ‘జీ’ అని చదువుతారు, యంత్రం అని అర్థం చేసుకుంటారు. టోక్యోలో ‘త్సుకుఏ’ అని చదువుతారు, రాతబల్ల అని అర్థం చేసుకుంటారు. తైపేలో యంత్రానికి రాసే అక్షరం వేరు. అది 16 గీతలది, దాని సంఖ్య 27231. చైనా తన లిపిని సరళం చేసినప్పుడు ఆ 16 గీతల అక్షరం చోట ఈ 6 గీతలదాన్ని పెట్టింది. జపాన్ ఆ పని చేయలేదు. అక్కడ బల్ల బల్లే, యంత్రం యంత్రమే.

ఇప్పుడు ఈ రెండు అక్షరాలతో రెండు డొమైన్ పేర్లు పెట్టారనుకోండి. అవి ఒకే పేరా, రెండు పేర్లా? చైనా వాడిని అడిగితే ఒకటే అంటాడు. జపాన్ వాడిని అడిగితే రెండంటాడు. ఇద్దరూ నిజమే చెబుతున్నారు. డొమైన్ పేరు చూసి అది ఏ కంప్యూటర్‌దో చెప్పే డీఎన్ఎస్ వ్యవస్థకు మాత్రం ఈ తేడా చెప్పే దారి లేదు. దానికి తెలిసింది ఒక్కటే: బైట్లు కలిశాయా, లేదా.

అంతర్జాతీయ డొమైన్ పేర్ల గురించి రాసేవాళ్లు సాధారణంగా ‘ఇంగ్లీషు కాని అక్షరాలను డీఎన్ఎస్‌లోకి ఎలా ఎక్కించాలి’ అన్నదే అసలు సమస్య అన్నట్టు రాస్తారు. ఆ సమస్య 2003లోనే తీరిపోయింది. చైనా, జపాన్, కొరియా లిపుల విషయంలో అసలు చిక్కు ఏది ఏదానికి సమానమో తేల్చడంలో ఉంది. ఆ తీర్పును ప్రొటోకాల్‌లో కాకుండా పేర్లు నమోదు చేసే చోట, ఆ భాష వాళ్ల చేతుల్లో ఉంచిన నిర్ణయం సరైనదని మా వాదన. ఆ నిర్ణయంతో వచ్చిన బరువును మాత్రం ఇప్పటికీ పేరు కొనుక్కున్నవాడే ఒంటరిగా మోస్తున్నాడు. అది మారాలి.

తీరిపోయిన సగం

డీఎన్ఎస్ రూపం 1987 నాటిది. ఒక్కో లేబుల్, అంటే చుక్కకూ చుక్కకూ మధ్య ముక్క, 63 బైట్లు దాటకూడదు. పేరంతా కలిపి 255 బైట్లు దాటకూడదు. కంప్యూటర్ల పేర్లలో ఇంగ్లీషు అక్షరాలు, అంకెలు, హైఫన్ తప్ప వేరేవి వాడకూడదన్నది అంతకుముందు నుంచీ ఉన్న కట్టుబాటు. ప్రపంచమంతా పరుచుకున్న ఈ సర్వర్లను మార్చడం జరిగే పని కాదు కాబట్టి, కొత్త అక్షరాలను పాత అక్షరాల్లోకి మడిచి పంపే పద్ధతి కావాల్సి వచ్చింది. 2000 నవంబరులో డాట్‌కామ్‌ను నడిపే వెరీసైన్ సంస్థ చైనీస్, జపనీస్, కొరియన్ పేర్లను డాట్‌కామ్ కింద పరీక్షగా తీసుకోవడం మొదలుపెట్టినప్పుడు రేస్ అనే పద్ధతి వాడారు. 2003 మార్చిలో ప్యూనీకోడ్ ప్రమాణంగా వచ్చింది. అదే ఈనాటికీ నడుస్తోంది. ఎక్స్, ఎన్, రెండు హైఫన్లు ముందుండే పేర్లన్నీ దాని పిల్లలే.

ప్యూనీకోడ్ ఎలా పనిచేస్తుందో ఒకసారి చేత్తో లెక్క వేసి చూడటం మంచిది. తర్వాత వచ్చే చిక్కంతా అక్కడే కనిపిస్తుంది. చైనా దేశం పేరు ‘జోంగ్‌గువో’, రెండు అక్షరాలు. జోంగ్ సంఖ్య 20013. ఇంగ్లీషు అక్షరాల పాత పట్టిక ఆస్కీ 127తో ముగుస్తుంది కాబట్టి లెక్క 128 నుంచి మొదలవుతుంది. 20013లోంచి 128 తీసేస్తే 19885. ఈ దూరాన్ని 36 గుర్తులతో రాయాలి: ఎ నుంచి జెడ్ దాకా 0 నుంచి 25, అంకెలు సున్నా నుంచి తొమ్మిది దాకా 26 నుంచి 35. నియమం ప్రకారం మొదటి రెండు స్థానాల్లో 35తో భాగిస్తూ పోతే 5, 8, 16 వస్తాయి. అంటే ఎఫ్, ఐ, క్యూ.

ఇక గువో. సరళ లిపిలో 8 గీతల రూపం, సంఖ్య 22269. ఇప్పటికే ఒక అక్షరం కూర్చుని ఉంది కాబట్టి కొత్తది దానికి ముందైనా రావచ్చు, వెనకైనా రావచ్చు. కాబట్టి ఒక్కో సంఖ్యకు రెండేసి మెట్లు ఎక్కాలి. 20014 నుంచి 22269 దాకా 2255 సంఖ్యలు, రెట్టింపు చేస్తే 4510. 20013 దగ్గర మిగిలిన మెట్టు ఒకటి, గువో రెండో చోట ఉంది కాబట్టి ఇంకొకటి. మొత్తం 4512. దాన్ని రాస్తే ఎస్, 8, ఎస్. రెండూ కలిపితే ఎఫ్-ఐ-క్యూ-ఎస్-8-ఎస్. చైనా దేశపు చైనీస్ డొమైన్ రూట్‌లో, అంటే అన్నిటికన్నా పైస్థాయి డొమైన్ల జాబితాలో, ఉన్నది ఈ రూపంలోనే.

అదే గువోను సంప్రదాయ లిపిలో 11 గీతలతో రాస్తే సంఖ్య 22283. తేడా 14. మెట్లు 28 ఎక్కువై 4540 అవుతాయి. చివరి మూడు గుర్తులు జెడ్, 9, ఎస్ అవుతాయి. చదివేవాడికి ఒకే దేశం, ఒకే పేరు, ఒకే ఉచ్చారణ. డీఎన్ఎస్‌కు ఒకటి ఎస్-8-ఎస్‌తో ముగిసే పేరు, ఇంకొకటి జెడ్-9-ఎస్‌తో ముగిసే పేరు. వాటి మధ్య ఏ చుట్టరికమూ లేదు.

ప్యూనీకోడ్ తప్పేమీ చేయలేదు. సంఖ్యలను నష్టం లేకుండా మడవడం, మళ్లీ విప్పడం దాని పని. అర్థం దాని పని కాదు.

మడతపెట్టి కలిపేయొచ్చు కదా?

ఇంగ్లీషు పెద్ద బడి అక్షరాలనూ చిన్న బడి అక్షరాలనూ డీఎన్ఎస్ మొదటి నుంచీ ఒకటిగానే చూస్తోంది. అలాంటప్పుడు సరళ లిపినీ సంప్రదాయ లిపినీ కూడా ప్రొటోకాల్‌లోనే ఒకటి చేసేయవచ్చు కదా అని చైనీస్ వైపు నుంచి గట్టిగా అడిగారు. ప్రమాణాలు తయారవుతున్న 2001, 2002 సంవత్సరాల్లో ఈ వాదన చాలా దూరం నడిచింది. అడగడంలో అన్యాయం లేదు. కానీ ఒప్పుకోకపోవడమే మంచిదైంది.

ఇంగ్లీషులో జంటలు 26. ఒకదానికి ఒకటి, సందర్భంతో పని లేదు. చైనీస్‌లో అలా కాదు. ‘ఫా’ అనే సరళ అక్షరం సంప్రదాయ లిపిలో రెండు వేర్వేరు అక్షరాలకు బదులు నిలబడింది. ఒకటి బయల్దేరడం, వృద్ధి చెందడం అనే అర్థమున్నది, రెండోది తలవెంట్రుకలు. ‘హౌ’ అనే 6 గీతల అక్షరం సంప్రదాయ లిపిలో రాణి. ‘తర్వాత’ అనే మాటకు అక్కడ వేరే అక్షరం ఉంది. సరళ లిపిలో రెండింటికీ ఆ 6 గీతలదే. కాబట్టి సరళ రూపం నుంచి సంప్రదాయ రూపానికి వెళ్లాలంటే మాట తెలియాలి, ఒక్కోసారి వాక్యం తెలియాలి. డొమైన్ పేరులో వాక్యం ఉండదు.

ఇది మనకు బొత్తిగా తెలియని సంగతేమీ కాదు. గుఱ్ఱం అని రాసినా గుర్రం అని రాసినా జంతువు ఒకటే, కాబట్టి శకటరేఫను ర కింద మడిచేద్దాం అనిపిస్తుంది. కానీ పాత తెలుగులో ఏఱు అంటే నది, ఏరు అంటే నాగలి. అఱుగు అంటే జీర్ణం కావడం, అరుగు అంటే వెళ్లడం. ఇవాళ అన్నీ ర తోనే రాస్తున్నాం కాబట్టి మనకు తేడా కనిపించదు. పాత పద్ధతి పాటించేవాడికి కనిపిస్తుంది. ప్రపంచమంతటికీ ఒకే నియమంగా ఱను రలో కలిపేస్తే అతని మాటలు పోతాయి. చైనాలో సరళ లిపి, తైవాన్‌లో సంప్రదాయ లిపి, జపాన్‌లో తనదైన మూడో దారి ఉన్నప్పుడు పోయేవి ఒకటీ రెండూ కావు. మనం మొదట చూసిన బల్ల, యంత్రం ఆ లెక్కలోవే. ఇంకొకటి: చైనీస్‌లో ‘ఆకు’కు సరళ రూపంగా వాడే అక్షరానికి జపనీస్‌లో ‘నెరవేరడం’ అని అర్థం.

అందుకే ప్రొటోకాల్ వాటిని వేర్వేరుగానే ఉంచింది. తీర్పును రిజిస్ట్రీకి, అంటే ఆ డొమైన్ కింద పేర్లు నమోదు చేసే సంస్థకు, వదిలింది.

మూడు నిలువు వరుసల పట్టిక

చైనా, తైవాన్, జపాన్, కొరియా దేశాల డొమైన్ నిర్వాహక సంస్థలు నాలుగూ కలిసి కూర్చుని ఒక పద్ధతి రాశాయి. 2004 ఏప్రిల్‌లో అది ఆర్ఎఫ్‌సీ 3743గా, అంటే ఇంటర్నెట్ పద్ధతులను ప్రకటించే వరుసలో ఒక పత్రంగా, వచ్చింది. మా లెక్కలో ఈ రంగంలో వచ్చిన పత్రాల్లో అత్యంత తెలివైనది ఇదే. తమ మధ్య లిపి ఉమ్మడిది, అర్థాలు మాత్రం ఉమ్మడివి కావన్న నిజాన్ని నలుగురూ ఒప్పుకుని రాసినది.

పద్ధతి ఇది. ప్రతి భాషకూ ఒక పట్టిక ఉంటుంది, దానికి మూడు నిలువు వరుసలు. మొదటి వరుసలో ఆ భాషలో నమోదుకు అనుమతించే అక్షరం. రెండో వరుసలో దానికి ఇష్టమైన రూపం లేదా రూపాలు. మూడో వరుసలో దానికి బదులుగా జనం రాసే అవకాశమున్న రూపాలన్నీ. ఒకరు పేరు అడిగినప్పుడు రిజిస్ట్రీ ప్రతి అక్షరాన్నీ మొదటి వరుసలో వెతుకుతుంది. ఒక్కటి లేకపోయినా దరఖాస్తు తిరిగిపోతుంది. అన్నీ ఉంటే రెండో వరుస నుంచి ఇష్టమైన పేర్లను, మూడో వరుస నుంచి మిగతా పేర్లను తయారుచేస్తుంది. ఇవన్నీ కలిపి ఒక కట్ట. ఆ కట్ట మొత్తం ఒకే మనిషిది. అందులో కొన్ని పేర్లు పనిచేస్తాయి, మిగతావి ఇంకెవరికీ దొరకకుండా పక్కన పడుంటాయి. పేరు రద్దయితే కట్ట మొత్తం ఒకేసారి రద్దవుతుంది, బదిలీ అయితే మొత్తం ఒకేసారి బదిలీ అవుతుంది.

26426 సంఖ్య గల మన అక్షరానికి చైనీస్ పట్టికలో 27231 తోడుగా ఉంటుంది. జపనీస్ పట్టికలో దానికి ఏ తోడూ ఉండదు. జపాన్ తన పట్టికలో ఏ అక్షరానికీ వేరియంట్లు, అంటే సమానంగా చూసే వేరే రూపాలు, పెట్టుకోలేదు. ఇది పొరపాటు కాదు, తెలిసి తీసుకున్న నిర్ణయం. జపాన్‌లో ఇంటిపేర్లలో పాత రూపం, కొత్త రూపం వేర్వేరు కుటుంబాలను చెబుతాయి. సాయితో అనే ఇంటిపేరులో మొదటి అక్షరానికే నాలుగు రూపాలు వాడుకలో ఉన్నాయి. తన రూపం తనకే కావాలని పట్టుబట్టేవాళ్లు ఉన్నారు. వాటిని ఒకే కట్టలో కట్టేస్తే మొదట వచ్చినవాడు మిగతావాళ్లందరి ఇంటిపేర్లనూ తీసుకుపోయినట్టు అవుతుంది.

కట్టలు ఎంత పెద్దవవుతాయో చూడండి. నాలుగు అక్షరాల పేరులో ఒక్కోదానికి మూడేసి రూపాలుంటే 3×3×3×3, అంటే 81 పేర్లు. అన్నిటినీ పనిచేయిస్తే జోన్‌లో, అంటే ఆ డొమైన్ రికార్డులుండే ఫైలులో, 81 ఎంట్రీలు. అందుకే 2006లో చైనీస్ పేర్ల కోసం వచ్చిన ఆర్ఎఫ్‌సీ 4713 మూడిటితో ఆగింది: అడిగిన పేరు, పూర్తిగా సరళ లిపిలో ఉన్నది, పూర్తిగా సంప్రదాయ లిపిలో ఉన్నది. సగం ఇదీ సగం అదీ కలిసినవి నిద్రపోతుంటాయి. మనుషులు రాసేది ఎలాగూ ఆ రెండు రకాలుగానే కాబట్టి ఈ కోత వల్ల నష్టం దాదాపు లేదు.

ఇక్కడ కొత్తగా పట్టిక రాసేవాళ్లు చేసే తప్పు ఒకటుంది. వేరియంట్ సంబంధం రెండువైపులా ఉండాలి, గొలుసులా కూడా సాగాలి. ఎడమది కుడిదానికి వేరియంట్ అయితే కుడిది ఎడమదానికి కూడా కావాలి. ఒకటి రెండుకూ, రెండు మూడుకూ వేరియంట్లయితే ఒకటీ మూడూ కూడా వేరియంట్లు కావాలి. ఇది పాటించకపోతే ఏ పేరు ముందు నమోదైందన్నదాన్ని బట్టి ఫలితం మారిపోతుంది. పొద్దున ఒకరికి దొరికిన పేరు, వరుస తిరగబడితే దొరకదు. దీని ధర మాత్రం ఉంది. ‘ఫా’ గొలుసులో వృద్ధి, వెంట్రుకలు రెండూ ఒకే గుంపులో పడిపోతాయి, సంప్రదాయ లిపిలో వాటికి ఏ సంబంధమూ లేకపోయినా. తైవాన్ వాడు ఆ రెండు అక్షరాలతో రెండు వేర్వేరు పేర్లు వేర్వేరు మనుషులకు ఇవ్వలేడు. ఈ నష్టం భరించదగ్గదే. ఇద్దరు వేర్వేరు మనుషులు ఒకే పేరులా కనిపించే చిరునామాలు పట్టుకుని కూర్చోవడం కన్నా కొన్ని పేర్లు ఎవరికీ దొరక్కపోవడం మేలు.

భాషకో పట్టిక అన్న ఏర్పాటు దేశాల డొమైన్ల కింద హాయిగా నడుస్తుంది. డాట్‌కామ్ లాంటి ఉమ్మడి చోట నమోదు చేసేటప్పుడే ఈ పేరు చైనీసా, జపనీసా, కొరియనా అని చెప్పాలి. అందరికన్నా పైన ఉన్న రూట్ దగ్గరకు వచ్చేసరికి అదీ కుదరదు. రూట్ ఒక్కటే. అక్కడ బల్ల వేరు, యంత్రం వేరు అని జపాన్ కోసం ఒక నియమం, చైనా కోసం ఒక నియమం పెట్టలేం. మూడు భాషల నిపుణుల బృందాలు ఏళ్ల తరబడి ఒకరి పట్టికలు ఒకరు చూసుకుని రాజీ కుదుర్చుకోవాల్సి వచ్చింది. 2022లో వచ్చిన రూట్ నియమాల ఐదో కూర్పు నాటికి మూడు భాషలూ అందులో చేరాయి. వేరియంట్ల గుంపులు అక్కడ అందరికీ ఉమ్మడి. రూట్‌లో జపాన్ వెనక్కి తగ్గింది. అక్కడ పేర్లు తక్కువ కాబట్టి ఆ తగ్గడం వల్ల పోయేదీ తక్కువే.

ఇదే పని మన దగ్గరా జరిగింది. తెలుగు ర, ల, జ పక్కన కన్నడ ర, ల, జ పెట్టి చూస్తే చిన్న అక్షరాల్లో ఏది ఏదో చెప్పడం కష్టం. రూట్ నియమాలు రాసేటప్పుడు తెలుగు, కన్నడ లిపుల మధ్య ఇలాంటి జంటలను గుర్తించి అడ్డుకట్ట వేశారు. తేడా ఏమిటంటే మనది రూపంలో పోలిక, వాళ్లది అర్థంలో సమానత. రూపంలో పోలికను అడ్డుకుంటే చాలు. అర్థంలో సమానతకు రెండు పేర్లూ పనిచేయాలి. వాళ్ల బరువు అందుకే ఎక్కువ.

జపాన్, కొరియా సొంత చిక్కులు

జపాన్ ఒకే పేరులో చైనా నుంచి వచ్చిన కంజి అక్షరాలు, ఉచ్చారణను రాసే హిరగానా, కటకానా లిపులు, ఇంగ్లీషు కలిపి రాస్తుంది. అలా కలపడమే అక్కడ మామూలు రాత. డాట్ జేపీ కింద అనుమతించే కంజి అక్షరాలు జపాన్ జాతీయ ప్రమాణంలోని మొదటి, రెండో స్థాయిలవి, మొత్తం 6,355. జపనీస్ పేరు 15 అక్షరాలు దాటకూడదు. లిపులు కలిసే చోట పోలికలు కూడా వస్తాయి. కటకానా ‘రో’ ఒక చతురస్రం, సంఖ్య 12525. నోరు అని అర్థమున్న కంజి కూడా చతురస్రమే, 21475. కటకానా ‘కా’, బలం అని అర్థమున్న కంజి పక్కపక్కన పెడితే ఫాంట్‌ను బట్టి కవలలే. అచ్చును సాగదీసే అడ్డగీత, ఒకటి అని అర్థమున్న కంజి, హైఫన్ మూడూ అడ్డగీతలే. కటకానా ‘నో’ ఒక ఏటవాలు గీత, చూడటానికి చిరునామాలో వచ్చే స్లాష్‌లా ఉంటుంది. మోసగాళ్లు దాన్ని వాడి, నమ్మదగ్గ సంస్థ పేరు ముందు పెట్టి, అసలు డొమైన్‌ను చివర్లో దాచగలరు. క్రోమ్ లాంటి బ్రౌజర్లు ఇలాంటి అక్షరాలు జపనీస్ కాని అక్షరాల పక్కన కనిపిస్తే పేరును ప్యూనీకోడ్‌లోనే చూపిస్తాయి. ఈ జాగ్రత్త సబబే. కానీ కొన్ని ప్రోగ్రాములు ఏ జపనీస్ పేరునైనా, చివరికి ఒకే లిపిలో ఉన్నదాన్ని కూడా, ప్యూనీకోడ్‌లో చూపించి చేతులు దులుపుకుంటాయి. అది రక్షణ కాదు. ఎవరూ చదవలేని వరుసను చూపిస్తే అసలు పేరేదో నకిలీ పేరేదో పోల్చుకోవడం ఇంకా కష్టమవుతుంది.

కొరియాకు వేరియంట్ల బాధ తక్కువ. కొరియా సొంత లిపి హంగుల్‌లో ఈనాటి అక్షర గుచ్ఛాలు 11,172, ఒక్కటి ఎక్కువా కాదు తక్కువా కాదు. మొదటి హల్లులు 19, అచ్చులు 21, చివరి హల్లులు ఏమీ లేకపోవడంతో కలిపి 28. మూడూ గుణిస్తే అదే సంఖ్య. వరుస 44032 దగ్గర మొదలై 55203 దగ్గర ముగుస్తుంది. ‘హన్’ కావాలంటే, సున్నా నుంచి లెక్కపెడితే హ 18వది, అ సున్నా, చివరి న్ 4వది: 18ని 21తో, మళ్లీ 28తో గుణిస్తే 10584, దానికి 4 కలిపి 44032కు చేరిస్తే 54620. కానీ అదే ‘హన్’ను మూడు విడి ముక్కలుగా, 4370, 4449, 4523గా కూడా రాయవచ్చు. తెర మీద తేడా కనిపించదు. కొన్ని ఫైల్ సిస్టమ్‌ల నుంచి కాపీ చేసిన పేర్లు ఇలా ముక్కలుగానే వస్తాయి. విడి ముక్కలను ఒకే అక్షరంగా కూర్చే ఎన్ఎఫ్‌సీ అనే సాధారణీకరణ చేయకుండా నేరుగా ప్యూనీకోడ్‌లోకి మడిస్తే పూర్తిగా వేరే పేరు వస్తుంది, సర్వర్ అలాంటి పేరే లేదంటుంది. 2010లో వచ్చిన కొత్త ప్రమాణం విడి ముక్కలను నిషేధించింది. కొరియన్లు నవ్వును ‘క్క్’ అని ఒట్టి హల్లులతో రాసుకుంటారు, అలాంటిదాన్ని డొమైన్‌గా పెట్టుకోవడం ఇప్పుడు కుదరదు.

చైనా మూలపు హాన్ అక్షరాల్లోనూ కొరియా నుంచి వచ్చిన ఒక విడ్డూరం ఉంది. సంగీతం, ఆనందం అనే అర్థాలున్న అక్షరాన్ని కొరియాలో నాలుగు రకాలుగా పలుకుతారని వాళ్ల పాత ప్రమాణంలో నాలుగు సార్లు పెట్టారు. యూనికోడ్ ఆ నాలుగింటినీ ఉంచింది. ఎన్ఎఫ్‌సీ చేస్తే మూడు మాయమై ఒకటే మిగులుతుంది.

ప్రోగ్రాము రాసేవాళ్లు చేయాల్సినది

వాడేవాడు టైపు చేసింది డీఎన్ఎస్‌కు చేరేలోపు వరుసగా జరగాల్సినవి ఉన్నాయి, వరుస తప్పితే పని చెడుతుంది. మొదట చుక్క. చైనీస్, జపనీస్ కీబోర్డులో చుక్క నొక్కితే వాళ్ల భాషలోని చిన్న వలయం లాంటి పూర్ణవిరామం వస్తుంది, సంఖ్య 12290. వెడల్పు చుక్క, సగం వెడల్పు చుక్క కూడా రావచ్చు. ఈ నాలుగు చుక్కలనూ ఒకటిగా చూడకపోతే పేరు ముక్కలుగా విడిపోదు, మొత్తం ఒకే లేబుల్ అయిపోతుంది. తర్వాత వెడల్పు ఇంగ్లీషు అక్షరాలను మామూలు వాటిగా, సగం వెడల్పు కటకానాను పూర్తి కటకానాగా మార్చాలి. ‘గా’ అనే అక్షరం సగం వెడల్పులో రెండు ముక్కలుగా ఉంటుంది, మారాక ఒకటే అవుతుంది. అప్పుడు ఎన్ఎఫ్‌సీ. ఆ తర్వాతే అక్షరాలు అనుమతించినవేనా అని చూడాలి. అప్పుడు ప్యూనీకోడ్. చివర్లో పొడవు 63 దాటిందేమో చూడాలి. ముందు తగిలించే నాలుగు గుర్తులు పోను మిగిలేది 59. అక్షరాలు లెక్కపెట్టి ఇది చెప్పలేం, మడిచాకే తెలుస్తుంది.

పైథాన్‌తో వచ్చే అంతర్నిర్మిత ఐడీఎన్ఏ మార్పిడి (ఇతర లిపుల డొమైన్ పేర్లను మడిచేది) 2003 నాటి ప్రమాణానిది, యూనికోడ్ 3.2 దగ్గర ఆగిపోయింది. 2009లో చేరిన హాన్ అక్షరాలు దానికి తెలియవు. విడిగా దొరికే ఐడీఎన్ఏ ప్యాకేజీ వేసుకోవాలి. సీ భాషలో అయితే పాత లిబ్ఐడీఎన్ కాదు, లిబ్ఐడీఎన్2. మైఎస్‌క్యూఎల్‌లో యూటీఎఫ్8 అని రాసి ఊరుకుంటే పాత కూర్పుల్లో అది మూడు బైట్ల వరకే, 65535 దాటిన సంఖ్యలున్న అక్షరం దగ్గర వాక్యం తెగిపోతుంది లేదా తప్పు చూపిస్తుంది. యూటీఎఫ్8 ఎంబీ4 అని పెట్టాలి. జావాస్క్రిప్ట్‌లో అలాంటి ఒక్క అక్షరం పొడవు 2 అని చూపిస్తుంది.

డేటాబేస్‌లో పోల్చడానికి ఎప్పుడూ మడిచిన రూపాన్నే వాడండి, చూపించడానికి విప్పిన రూపాన్ని. రెండూ ఉంచుకోవడంలో నష్టం లేదు. పోల్చడానికి విప్పిన రూపాన్ని వాడితే ఇవాళ కాకపోతే రేపు రెండు ఖాతాలు ఒకే పేరు మీద పుడతాయి. ఈమెయిల్ చిరునామా సరైనదో కాదో చూసే పాత రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్లలో చివరి ముక్క ఇంగ్లీషు అక్షరాలే అయి ఉండాలని ఉంటుంది. మడిచిన పైస్థాయి డొమైన్‌లో అంకెలూ హైఫన్లూ ఉంటాయి కాబట్టి చైనా, కొరియా డొమైన్లే కాదు, మన తెలుగు భారత్ డొమైన్ కూడా ఆ గేటు దాటదు.

మెయిల్‌కు ఇంకో మెలిక ఉంది. ఎట్ గుర్తుకు కుడివైపున్నదాన్ని మడిచి పంపవచ్చు. ఎడమవైపున్న పెట్టె పేరును మడవకూడదు, అది యూటీఎఫ్8లోనే వెళ్లాలి. దారిలో ప్రతి సర్వర్‌కూ ఎస్ఎంటీపీ యూటీఎఫ్8 అనే సౌకర్యం తెలిసి ఉండాలి. ఒక్కదానికి తెలియకపోయినా ఉత్తరం వెనక్కి వస్తుంది. పోస్ట్‌ఫిక్స్ 3.0 నుంచి ఇది ఉంది, జీమెయిల్ 2014 నుంచి ఇలాంటి చిరునామాలకు ఉత్తరాలు పంపుతోంది, అందుకుంటోంది.

పేరున్నవాడి నెత్తిన మిగిలిన బరువు

చైనా దేశానికి రూట్‌లో సరళ, సంప్రదాయ రూపాలు రెండూ 2010లో ఇచ్చారు. తైవాన్‌కూ అలాగే రెండు. ఇచ్చారంటే డీఎన్ఎస్ వాటిని ఒకటిగా చూస్తోందని కాదు. రెండు వేర్వేరు పేర్లను ఒకే సంస్థకు ఇచ్చి, రెండింటినీ ఒకేలా నడపమన్నారు, అంతే. కింద పేరు కొనుక్కున్నవాడి పరిస్థితీ అదే.

రెండు పేర్లను ఒకటి చేసే పనిముట్టు డీఎన్ఎస్‌లో ఉందా అంటే సగం ఉంది. సీనేమ్ అనే రికార్డు ఒక పేరును ఇంకో పేరుకు మళ్లిస్తుంది, కానీ ఆ పేరు దగ్గర ఇంకే రికార్డూ ఉండకూడదు. జోన్ పైకొనలో ఆ జోన్ వివరాలు, దాని సర్వర్ల పేర్లు చెప్పే ఎస్ఓఏ, ఎన్ఎస్ రికార్డులు తప్పవు కాబట్టి అక్కడ పెట్టలేం. డీనేమ్ కింది పేర్లన్నిటినీ మళ్లిస్తుంది, తనను తాను మాత్రం మళ్లించదు. రెండూ కలిపి చేసే కొత్త రికార్డు కావాలని ప్రతిపాదనలు వచ్చాయి, ఏదీ ప్రమాణం కాలేదు. పైకొన రికార్డులను చేత్తో నకలు తీసి, కిందవాటికి డీనేమ్ పెట్టడం ఒక దారి. ఒకే జోన్ ఫైలును రెండు పేర్లకు వాడటం ఇంకో దారి. రెండోది నయం. ఫైలులో పూర్తి పేర్లు కాకుండా సాపేక్ష పేర్లే రాస్తే ఒక్క ఫైలుతో రెండూ నడుస్తాయి, ఒకటి మార్చి రెండోది మరిచిపోయే ప్రమాదం ఉండదు.

డీఎన్ఎస్ దాటాక కూడా పని అయిపోదు. సర్టిఫికెట్‌లో రెండు పేర్లూ మడిచిన రూపంలో రాయించుకోవాలి, విప్పిన రూపం అక్కడ చెల్లదు. వెబ్ సర్వర్‌లో రెండు పేర్లూ పెట్టాలి. కుకీలు పేరుకు కట్టుబడి ఉంటాయి కాబట్టి సరళ రూపంలో లాగిన్ అయినవాడు సంప్రదాయ రూపంలో ఉన్న లింకు నొక్కితే బయటివాడవుతాడు. కాబట్టి ఒకదాన్ని ముఖ్యమైనదిగా ఎంచుకుని రెండోదాన్ని 301 అనే శాశ్వత మళ్లింపుతో దానికి పంపాలి. మెయిల్ సర్వర్ రెండు పేర్లకూ వచ్చే ఉత్తరాలు తీసుకోవాలి, ఆ పేరుతో ఉత్తరాలు ఎవరు పంపవచ్చో చెప్పే ఎస్‌పీఎఫ్, నకిలీవి వస్తే ఏం చేయాలో చెప్పే డీమార్క్ రికార్డులు రెండు పేర్లకూ పెట్టాలి. ఉత్తరాలు పంపని రెండో పేరుకు ఎస్‌పీఎఫ్ పెట్టకుండా వదిలేస్తే మోసగాళ్లు వాడుకునేది సరిగ్గా దాన్నే.

ఇంత పనినీ ఒక చిన్న దుకాణదారు చేయాలని ఆశించడం అన్యాయం. కట్ట ఒకే మనిషిదని రిజిస్ట్రీకి తెలుసు. ఏయే పేర్లు పనిచేస్తున్నాయో కూడా దానికే తెలుసు. ఆ సమాచారం పేర్లు అమ్మే రిజిస్ట్రార్ దాకా వస్తుంది, అక్కడ ఆగిపోతుంది. హోస్టింగ్ ప్యానెల్‌కు, సర్టిఫికెట్ ఇచ్చే సంస్థకు, మెయిల్ సేవకు అందదు. పేరు నమోదైన నిమిషంలోనే కట్టలోని పనిచేసే పేర్లన్నిటికీ ఒకే జోన్, ఒకే సర్టిఫికెట్, ఒకే మెయిల్ అమరిక వాటంతటవే పడేలా ప్యానెల్ రాయడానికి కొత్త ప్రమాణమేదీ అక్కర్లేదు. పట్టికలు అందరికీ అందుబాటులో ఉన్నాయి, 2016లో వచ్చిన ఆర్ఎఫ్‌సీ 7940 వాటిని యంత్రాలు చదివే ఎక్స్ఎమ్ఎల్ రూపంలో ఎలా రాయాలో కూడా చెప్పింది. హోస్టింగ్ అమ్మేవాళ్లు ఆ ఫైలు తెరిచి, కొనుక్కున్న పేరును అందులో నడిపి, వచ్చిన రెండో పేరును తమ ఫారంలో ముందే నింపి చూపిస్తే చాలు. తైపేలో కొన్న పేరును షాంఘైలో టైపు చేసినవాడికి అప్పుడు అదే దుకాణం తెరుచుకుంటుంది.